ఎర్ర రోబోకి నేను వేసిన విజిల్

ముందే చెప్పేస్తున్నాను: ఇందులో నేను నలుగురు చక్కటి మనుషుల్ని ఒక్క విజిల్‌తో ఏడిపించాను. కాదు కాదు, వాళ్ళు అప్పటికే ఏడుస్తున్నారు. ఏడుస్తున్నవాళ్ళ నెత్తిన కాగితాలు చల్లాను. నేపర్‌విల్ ఊళ్ళో ఇంత ఘనకార్యం ఇంకెవరూ చేసి ఉండరు. చేసినా సిగ్గుతో దాచుకుని ఉంటారు.

అప్పటికి నేను ఆ ఊరు వచ్చి ఐదు నెలలు. వారానికి మూడు రోజులు రైలెక్కి షికాగోలో ఆఫీసుకి వెళ్ళేదాన్ని. మిగతా నాలుగు రోజులూ అపార్ట్‌మెంట్‌లో నేనూ, ఫ్రిజ్జూ. ఫ్రిజ్జు అప్పుడప్పుడు గుర్రుమనేది. ఆ ఇంట్లో నోరు విప్పేది అదొక్కటే. పోస్టులో వచ్చేవన్నీ పిజ్జా కూపన్లు, కార్పెట్లు కడుగుతామనే రంగు కాగితాలు. వాటిని కూడా పారెయ్యకుండా టేబుల్ మీద పేర్చుకునేదాన్ని, ఎవరో ఒకరు మనల్ని తలుచుకున్నారు కదా అని. నవ్వకండి. అలాంటి చలికాలం మీకూ ఒకటి వచ్చే ఉంటుంది.

రైల్లో నా ముందు సీటులో ఒకబ్బాయి రోజూ ఫోన్‌లో యానిమే అనే జపాన్ బొమ్మల సీరియల్ చూసేవాడు. ఓవర్‌హెడ్ ట్యాంకుకి కాళ్ళొచ్చినట్టు పెద్ద పెద్ద రోబోలు, వాటి గుండెల్లో కూర్చుని నడిపే మనుషులు. రెండు సీట్ల మధ్య సందులోంచి నేనూ చూసేదాన్ని. ఇయర్‌బడ్స్ అతని చెవుల్లో ఉండేవి. కింద వచ్చే అక్షరాల మీద అతని బొటనవేలు ఉండేది. నాకు మిగిలింది బొమ్మ ఒక్కటే.

అయితేనేం? నేను తెనాలి పిల్లని. మా మేనమామ సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపేవాడు. రెండు వేళ్ళు నాలుక కింద పెట్టి విజిల్ వెయ్యడం నాకు ఆయనే నేర్పాడు. నడక చూసి హీరో ఎవరో చెప్పెయ్యగల వంశం మాది. మాటలు వినాల్సిన అవసరం మాకుండదు.

వారం తిరక్కుండా కథంతా తేల్చేశాను. నిగనిగలాడే ఎర్ర రోబో హీరో. ఎందుకంటే అది వచ్చినప్పుడల్లా గాలి వీస్తుంది. తుప్పు పట్టిన బూడిదరంగు రోబో విలన్. దాన్ని నడిపేది తెల్ల మీసాల ముసలాయన. ఎప్పుడు చూసినా పిల్లల్ని ఒక గుహలో దాచి, బయట తలుపేసి కూర్చుంటాడు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు కాక ఇంకెవడు?

ఒకరోజు ప్లాట్‌ఫాం మీద నిలబడి వేరే రాష్ట్రంలో, కాపెల్ ఊళ్ళో ఉన్న రజితతో ఫోన్ మాట్లాడుతున్నాను. రజిత కరీంనగర్ పిల్ల. ఎమ్మెస్‌లో నా రూమ్మేటు. ఫోన్ పెట్టెయ్యగానే ముందు సీటు అబ్బాయి నా వైపు తిరిగాడు.

"నువ్వు తెలుగు?"

"అవును. మీరూ..?"

"నేను నీల్. ఇక్కడే పుట్టాను. మా మమ్మీ గుంటూరు. నువ్వు రోజూ నా ఫోన్ చూస్తుంది కదా?"

మంచుకి ఎర్రబడ్డ నా మొహం ఇంకా ఎర్రబడింది. "లేదండీ, అదీ..."

"ఇట్స్ ఓకే! నువ్వు కూడా ఫ్యాన్ కదా? గేమ్ ఆడావా? ఈ షో ఆ గేమ్ నుంచే తీశారు."

ఇక్కడ నేను "లేదు" అంటే ఈ జ్ఞాపకం ఇక్కడితో అయిపోయేది. కానీ అతను అడిగిన తీరులో ఎంతో ఆశ ఉంది. నా గొంతులో అంతకు రెట్టింపు ఉంది.

"ఓ! చిన్నప్పుడే ఆడేశాను. మా తెనాలిలో అందరూ ఆడతారు."

మా తెనాలిలో అందరూ ఆడేది క్యారమ్స్.

"వావ్! అయితే సండే మధ్యాహ్నం లాస్ట్ ఎపిసోడ్ మా ఇంట్లో చూస్తున్నాం. నా స్కూల్ ఫ్రెండ్స్ ముగ్గురు వస్తారు. నువ్వు కూడా రా."

మా ఇంటికి రా. ఐదు నెలల్లో ఆ మాట అన్న మొదటి మనిషి అతనే. ఆఫీసులో టాయిలెట్‌లోకి వెళ్ళి కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని మీటింగుకి వెళ్ళాను. ఆ షో ఇంట్లో నేను ఒక్కదాన్నే హాయిగా సౌండుతో చూసుకోవచ్చని మీకు తట్టే ఉంటుంది. నాకు తట్టలేదు. నాకు కావలసింది షో కాదు, ముందు సీటులో ఒక మనిషి.

వెంటనే రజితకి ఫోన్ చేశాను.

"ఏమే, ఉత్త చేతులతోని పోతవా?" అంది.

"కేక్ కొననా?"

"కేక్ ఎవలైనా కొంటరు. ఫ్యాన్స్ కాడికి పోతున్నవ్ నువ్వు. పేపర్లు చింపుకపో! ఫస్ట్ డే ఫస్ట్ షో అనుకో. ఆగాగు, బుడ్డోడు పాలు ఒలకబోసిండు, మళ్ల చేస్త."

మళ్ళీ చెయ్యలేదు. శనివారమంతా కూర్చుని, ఐదు నెలలుగా పేర్చుకున్న కూపన్లన్నీ వేలెడంత ముక్కలు చేశాను. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, ఆదివారం ఆ కవరు కోటు లోపల పెట్టుకుని బయలుదేరాను.

నీల్ ఇంట్లో సోఫా మీద నాకు సరిగ్గా మధ్యలో చోటిచ్చారు. ఒకమ్మాయి తన దుప్పటి నా కాళ్ళ మీదికి కూడా లాగింది. ఆ దుప్పటి వెచ్చదనం ఇప్పటికీ గుర్తుంది. ఈ నలుగురితో ఇక ప్రతి ఆదివారం ఇలాగే గడుస్తుందని, పండక్కి పులిహోర చేసుకొస్తానని మనసులో ఏర్పాట్లన్నీ చేసేసుకున్నాను.

ఎపిసోడ్ మొదలైంది. గదిలో చడీచప్పుడూ లేదు. ఇదేం ప్రేక్షకులురా బాబూ, పరీక్ష హాల్లో ఉన్నట్టున్నారు అనుకున్నాను. తెర మీద ముసలాయన తుప్పు రోబోలో గుహ తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. ఎదురుగా పొగలోంచి ఎర్ర రోబో నడిచొచ్చింది. గాలి వీచింది. కత్తి ఎత్తింది. ఒకే ఒక్క దెబ్బ. తుప్పు రోబో మోకాళ్ళ మీద కూలి, దాని కళ్ళల్లో దీపం ఆరిపోయింది.

తెనాలి నాలో లేచి నిలబడింది. నేను దానితోపాటు సోఫా మీద లేచి నిలబడ్డాను. రెండు వేళ్ళూ నోట్లో పెట్టి, మా మేనమామ పైకప్పు ఎగరగొట్టేవాడే, అలాంటి విజిల్ వేశాను. కవరు విప్పి గుప్పెళ్ళతో చల్లాను. "అద్దీ దెబ్బ!" అని అరిచాను కూడా.

ముక్కలు నెమ్మదిగా దిగాయి. చిప్స్ నంజుకునే సల్సా గిన్నెలో కొన్ని, దుప్పటి అమ్మాయి జుట్టులో కొన్ని. అప్పుడు చూశాను ఆమె మొహం. బుగ్గలు తడిసి ఉన్నాయి. మిగతా ఇద్దరు మగపిల్లలూ కళ్ళు తుడుచుకుంటున్నారు. నీల్ షోని పాజ్ చేశాడు.

"నువ్వు ఎందుకు విజిల్ వేసింది?"

"హీరో గెలిచాడు కదా..."

"హీరో చచ్చిపోయాడు."

"ఆ ముసలాయనా?"

"రెడ్ వాళ్ళు ఊరంతా కాల్చేశారు. ఆయన ఒక్కడే పిల్లల్ని కాపాడతాడు." అతను రిమోట్ కింద పెట్టాడు. "గేమ్ ఆడాను అన్నావు కదా?"

"ఆడాను."

"ఏ సైడ్?"

మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు పట్టుకున్నాను. "ఎర్ర సైడ్!"

నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"రెడ్ సైడ్ ఆడటానికి ఉండదు," అన్నాడు నీల్ మెల్లగా. "గేమ్‌లో ఎవరు ఆడినా ఆయనే. మేమందరం చిన్నప్పటి నుంచి ఆయనే."

అంటే ఆ గదిలో చచ్చిపోయింది ఒక్క బొమ్మ కాదు, నలుగురు మనుషులు. ఆ నలుగురి శవాల మధ్య సోఫా ఎక్కి నిలబడి, చేతిలో కవరుతో నేను. విజిల్ నాలుగు విధాల చేటని పెద్దలు ఊరికే అనలేదు. అననే లేదంటారా? నా తరువాత అంటారు లెండి.

కాగితాలు చల్లనేల, చీపురు అడగనేల? వాక్యూమ్ క్లీనర్ అడిగి తీసుకుని, చివరి పది నిమిషాలూ వాళ్ళు చూస్తుంటే నేను వంటగదిలో దానితోపాటు నిలబడ్డాను. అయిపోగానే ఊడ్చేసి, ఎవరి కళ్ళల్లోకీ చూడకుండా బూట్లు తొడుక్కున్నాను. వాళ్ళు "ఇట్స్ ఓకే" అన్నారు. చాలా మర్యాదగా అన్నారు. అందుకే ఎక్కువ నొప్పి పుట్టింది.

"నేను జోకు చేసిననే! నిజంగనే పేపర్లు చల్లినవా?" అంది రజిత ఫోన్‌లో. అరగంట నవ్వింది. నేనూ నవ్వినట్టే చేశాను.

తరువాత రెండు వారాలు ప్లాట్‌ఫాం ఆ చివర నిలబడి, ఆఖరి పెట్టె ఎక్కాను. అక్కడ నా ముందు సీటు ఖాళీగా ఉండేది. మూడో వారం ఆ ఖాళీ సీటులోకి నీల్ వచ్చి కూర్చున్నాడు.

"నువ్వు ఇక్కడ దాక్కుంది? మొత్తం ట్రెయిన్ వెతికాను." జేబులోంచి ఒక కాగితం ముక్క తీశాడు. దాని మీద అర పిజ్జా ఉంది. "ఇంకా సోఫాలో దొరుకుతున్నాయి."

"సారీ నీల్. గేమ్ ఆడలేదు. అబద్ధం చెప్పాను."

"తెలుసు." ఆ ముక్క మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "చిన్నప్పుడు ఆయన చచ్చిపోయే ముందే నేను గేమ్ ఆఫ్ చేసేవాణ్ణి. ప్రతిసారి. ఫస్ట్ టైమ్ ఎండింగ్ చూశాను. నీ విజిల్ లేకపోతే నేను చాలా ఏడ్చేవాణ్ణి." ఒక ఇయర్‌బడ్ తీసి నా చేతిలో పెట్టాడు. "ఫస్ట్ ఎపిసోడ్ నుంచి చూద్దాం. ఈసారి సౌండ్‌తో."

ఆ వేసవి దాకా సౌండుతో చూశాం. తరువాత అతనికి కాలిఫోర్నియాలో ఉద్యోగం వచ్చి, అక్కడే డబ్లిన్ అనే ఊరికి వెళ్ళిపోయాడు. నా ముందు సీటు మళ్ళీ ఖాళీ అయింది.

మొన్న రెండో సీజన్ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం వీడియో కాల్ పెట్టుకుని, అతనక్కడ, నేనిక్కడ, ఒకేసారి ప్లే నొక్కాం. శిథిలాల కింద తుప్పు పట్టిన చెయ్యి ఒకటి కదిలింది. నేను బుద్ధిగా చేతులు కట్టుకుని, సంతాపసభలో ఉన్నట్టు కూర్చున్నాను. ఫోన్‌లోంచి తుస్సుమని గాలి పోయిన చప్పుడొచ్చింది. చూస్తే నీల్ రెండు వేళ్ళూ నోట్లో పెట్టుకుని తంటాలు పడుతున్నాడు. తెర నిండా కాగితాలు.

"నీల్! ఏంటది?"

"ఎంట్రీ కదా!" అన్నాడు.

ఇక ఆగలేదు. పొద్దున్నే చింపి సోఫా కింద దాచిన కవరు తీశాను. విజిల్‌కి పక్క ఫ్లాటువాళ్ళు గోడ కొట్టారు. కాల్ అయిపోయింది. ఫ్రిజ్జు గుర్రుమంది. నేను చీపురు తెచ్చుకున్నాను.

కనుక పాఠకుల సాక్షిగా, ఫ్రిజ్జు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఆడని ఆట ఆడానని చెప్పను. ఒకరి ఇంట్లో కాగితాలు చల్లను. ముఖ్యంగా, ఒక్కదాన్నే ఉన్న ఇంట్లో అసలు చల్లను. చల్లడానికి నేనొక్కదాన్ని చాలు. ఊడ్చేటప్పుడు మాత్రం, సోఫా ఆ చివర ఎత్తి పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి.