ఆఫ్‌లో ఉన్న నాలుగు రోజులు

దయ్యాలతో నాకెప్పుడూ పేచీ లేదు. సోలాపూర్‌లో మా దాజీ పేట్‌లో సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడులో దయ్యం వచ్చి గొంతు చించుకున్నా ఎవరికీ వినిపించదు. నేను అనుమానించేది మనుషుల్ని, ముఖ్యంగా మిషన్లు అమ్మే మనుషుల్ని. అందుకే ఇది రాస్తుంటే నాకే కొంచెం సిగ్గుగా ఉంది.

మా నాయిన పని పోగులు అతకడం. సాంచె మీద పడుగు అయిపోవస్తే, పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా, వేళ్లకు బూడిద అద్దుకొని మెలిపెట్టి కలపాలి. కొన్నేళ్ల కింద ఆయన చేతులకు వణుకుడు జబ్బు వచ్చింది. మందులు కొన్నాళ్లు పనిచేసి మానేశాయి. పోగు పట్టలేని మనిషిని ఏ కార్ఖానా పిలుస్తుంది? నాయిన గోడకు ఆనుకొని, చేతులు తొడల కింద దాచుకొని కూర్చునేవాడు.

పుణెలో ఆపరేషన్ చేశారు. మెదడులోకి సన్నని తీగలు, ఛాతీ చర్మం కింద బ్యాటరీ, మా చేతికి ఒక రిమోట్. తలలోకి కరెంటు పంపితే చేతులు కుదురుకుంటాయంటే నేను నమ్మలేదు. డాక్టర్ నా ముందే ఆపి చూపించాడు. నిమిషంలోపే వణుకు వచ్చింది. ఆన్ చేశాడు, పోయింది. మా ఇంట్లో టీవీ కూడా రిమోట్ మాట ఇంతగా వినదు.

నాయిన మళ్లీ పనికి పోయాడు.

గణపతి పండుగకు గల్లీలో స్పీకర్లు దింపుతుంటే, నాయిన కూడా ఒకదాన్ని ఛాతీకి హత్తుకొని దింపాడు. డాక్టర్ వద్దన్న పనే అది. ఆ సాయంత్రం నుంచి ఇంట్లో చాయ్ ఒలకడం మొదలైంది. గ్లాసు మరీ నిండా పోస్తున్నావని అమ్మను కసిరాడు. పని మాత్రం ఆగలేదు కాబట్టి ఎవరమూ పట్టించుకోలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం నేను అన్నం డబ్బా పట్టుకొని కార్ఖానాకు పోతే, పక్క సాంచె నడిపే నర్సయ్య కాక ఆపాడు.

“మీ నాయిన ఎడమచేత్తోని అతుకుడు ఎప్పుడు నేర్సిండురా?”

“ఎడమచేత్తో బీడీ గూడ పట్టడు కాకా.”

“నాలుగు దినాల సంది సూస్తున్న. మెలి ఉల్టా వడుతున్నది. గిట్ల మీ తాత ఒక్కడే తిప్పుతుండె.”

తాత నేను పుట్టకముందే పోయాడు. ఎడమచేతివాటం మనిషి. మెలి చూసి అది ఎవరి చెయ్యో చెప్పడం మావాళ్లకు అలవాటే. అయినా కాకకు అద్దాలు మార్చే టైమొచ్చిందనుకొని, ఆ అతుకులను ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేశాను. అన్నీ ఉల్టానే.

నాయిన ముందుకు వంగి పోగులు అతుకుతున్నాడు. ఎడమచేత్తోనే. వేళ్లలో వణుకన్నది లేదు. ఛాతీలోని మిషన్ కరెంటు ఎక్కువ కొడుతోందేమోనని నా అనుమానం. ఆయన సంచిలోంచి రిమోట్ తీసి ఛాతీకి ఆనించాను. ఆఫ్ అని ఉంది.

పుణెకు ఫోన్ చేస్తే, స్పీకర్‌లో ఉండేలాంటి పెద్ద అయస్కాంతం తగిలితే ఇలాంటిది ఆగిపోవచ్చన్నారు. తర్వాత అక్కడికి పోయినప్పుడు మిషన్ రికార్డు చూసి, స్పీకర్ మోసిన రోజు నుంచీ ఆఫ్‌లోనే ఉందని తేల్చారు.

ఆ మధ్యాహ్నం నాకు కొంచెం ఆశ పుట్టింది. ఆపినా పని ఇంత బాగా సాగుతుంటే ఇంకా ఆన్ ఎందుకని నాయిననే అడిగాను. ఆయన తన ఎడమచేతిని, పక్కన కూర్చున్న ఇంకొకరిని చూసినట్టు చూశాడు.

“ఆన్ జెయ్ రా. పని మంచిగనే అయితున్నది. గని నేను జేస్తలేను.”

ఆన్ చేశాను. నాయిన కుడిచేత్తో బూడిద అద్దుకున్నాడు.

మెదడు ఒక్కోసారి పాత అలవాట్లను పైకి తెస్తుందని డాక్టర్ అన్నాడు. బాగానే ఉంది. కానీ ఆ అలవాటు నాయినది కాదు. ఫోటో ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. ఎన్నిసార్లు పెద్దది చేసినా నాకు అంతుబట్టలేదు.

ఇప్పుడు స్పీకర్లు వస్తే నాయినను గల్లీలోకి పోనివ్వను. డాక్టర్ వద్దన్నాడు కాబట్టి. అందరికీ అలాగే చెబుతున్నాను.