నోమ్వులా కనురెప్ప కింది రంగు

నోమ్వులా లేవడం మానేసింది. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతోంది. భర్త చనిపోయిన ఏడాది నోజుకో సీసాపాలు పట్టి పెంచుకున్న గొర్రె అది. ఈ వానల్లో మూడు గొర్రెలు ఇలాగే పోయాయి. ఇది కూడా పోతే నోజుకో తట్టుకోలేదు.

మందు పోయక కాదు. త్సోలో కొండల్లోని ఆ ఊళ్లో గొర్రెల కడుపులో పురుగులకి మందు పోయడమంటే పంక్తి భోజనమే. ఊరు కలిసి కొన్న సీసాలోంచి అన్ని గొర్రెలకూ ఒకే కొలత. పిల్లకెంతో పొట్టేలుకీ అంతే. ఎవరి గొర్రెకైనా చుక్క ఎక్కువ పడిందా, ఆ రెండిళ్ల మధ్య మాటలుండవు. ఎంత చక్కటి న్యాయం! పురుగులకి పండగే పండగ.

పశువుల డాక్టరమ్మ ఫెలోకాజీ వచ్చి నోమ్వులా కింది కనురెప్ప లాగి చూపించింది. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"పురుగులు నెత్తురంతా తాగేశాయి పిన్నీ. పెద్ద గొర్రెకి పిల్ల కొలత పోస్తే అన్నీ చావవు. బతికినవి రాటుదేలి మొండివవుతాయి. వాటి సంతానానికి ఇప్పుడా మందు మంచినీళ్లే."

వేరే రకం మందు చిన్న సీసాడు చేతిలో పెట్టింది.

"తూకం చూసి పొయ్యి. రెప్ప తెల్లబడ్డవాటికే సుమా! మిగతావాటి కడుపులో మందుకి చచ్చే పురుగులు కొన్ని ఉండనీ. లేకపోతే మొండివే రాజ్యమేలతాయి."

నోజుకో ఉన్ని తూచే కాటాకి గోనెపట్టా కట్టి నోమ్వులాను తూచింది. నిండు కొలత పోసింది. సంగతి తెలిసి బావగారు డాలిసిజ్వే ఊడిపడ్డాడు.

"నీ ముసలిదానికి అంత గుక్కా? నా పొట్టేలుకి చుక్క కూడా లేదా? తమ్ముడుంటే ఇలా చేసేవాడా?"

నోజుకో వెళ్లి పొట్టేలు రెప్ప లాగింది.

"మిరపపండులా ఉంది బావా! ఆకలి లేనివాడికి వడ్డిస్తారా ఎవరైనా?"

"చూద్దాం. నీ గొర్రె చచ్చాక గొయ్యి తవ్వడానికి నన్నే పిలుస్తావు!"

బావతో అలా అనేసింది గానీ, నోజుకోకీ తెలుసు. నోమ్వులా చస్తే ఈ ఊళ్లో ఇక ఎవరూ రెప్ప లాగి చూడరు.

కొన్నాళ్లకి ఒక పొద్దున దొడ్లోకి వెళితే నోమ్వులా పడుకున్న చోట లేదు. నోజుకో దొడ్డంతా వెతికింది. తీరా చూస్తే పక్క మడిలో మొక్కజొన్న ఆకులు కరకర నములుతోంది! దవడ కింద వాపు తగ్గింది. ఒక్క ఉరుకున వెళ్లి రెప్ప లాగింది. గులాబీ రంగు! నిండు ఎరుపు కాకపోతేనేం, గులాబీ రంగు!

ఆనందం పట్టలేక కొండ మారుమోగేలా కేక పెట్టింది. ఆ కేక విని డాలిసిజ్వే పార భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. గొర్రెను చూశాడు. నములుతున్న దాని నోరు చూశాడు. పార మెల్లగా కంచెకి ఆనించాడు.

"మందు అడగనులే మరదలా. ఆ రెప్ప ఎలా లాగాలో నేర్పు," అన్నాడు.