పచ్చ తెర మీద నల్ల చుక్కలు

ఆ చుక్కలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఎనభైల చివర్లో, గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో నేను కంప్యూటర్ ఆపరేటర్ని. టెంపరరీ ఉద్యోగం. దసరా సెలవుల తర్వాత వచ్చి మిషన్ వేస్తే తెర మీద పచ్చటి అక్షరాలకి అడ్డంగా నల్లటి చుక్కలు. గుడ్డతో తుడిచాను. పోలేదు.

మేనేజరు గారు తెరను చూసి, నా క్యారియర్ వైపు చూశారు.

"మిషన్ ముందు కూర్చుని కారం మెతుకులు తింటే ఇట్టాగే అవుద్ది. సోమవారం హైదరాబాదు నుంచి ఇంజనీరొస్తాడు. నీ తప్పని తేలిందా, ఇంక రానక్కర్లా."

నేను ఆ గదిలో ఏనాడూ మెతుకు ముట్టలేదు. వరండాలో కాటా పక్కన తినేదాన్ని. ఆవరణంతా మిరప ఘాటుకి తుమ్ముతుంటే, ఆయనకి నా డబ్బాలోని కారమే కనబడింది! నా జీతంతో నడిచే ఇల్లు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. మూసుకున్నందుకు నా మీద నాకే ఇంకా కోపమొచ్చింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక పట్టుపట్టి కూర్చున్నాను. లోపలి జబ్బయితే అక్షరాలు చెదరాలి. అవి శుభ్రంగా ఉన్నాయి. తల పక్కకి జరిపి చూస్తే చుక్కలు ఒక అక్షరం మీద నుంచి ఇంకో అక్షరం మీదికి జరిగాయి. అంటే అవి తెర లోపల లేవు, ముందున్నాయి. కళ్ళు మండకుండా తెరకి బిగించిన నల్ల జాలీని ఊడదీశాను.

దాని వెనక, పై సందులోంచి జారి గాజుకి అంటుకుని ఎర్రగా కుంకుమ. పచ్చ వెలుగు ముందు ఎరుపు నల్లగా కనబడుతుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఆయుధపూజ నాడు మిషన్ నెత్తిన పిడికెడు కుంకుమ చల్లింది మేనేజరు గారే. "నువ్వు చర్చికెళ్ళేదానివి, ఇయ్యాళ ముట్టుకోమాకు" అని నన్ను వరండాలో నిలబెట్టి మరీ చల్లారు.

ఆయన్ని పిలుచుకొచ్చి చూపించాను. వేలితో అద్ది చూసుకుని, అలవాటుగా నుదుట పెట్టుకున్నారు. తర్వాత గుడ్డ తడిపి నా ముందుకు చాపారు.

"సర్లే అమ్మాయ్, అదేమంత పెద్ద సంగతి! తుడిచెయ్. ఇంజనీరుని రావద్దని చెప్తాలే."

అత్త పగలగొట్టింది అడుగోటి కుండ, కోడలు పగలగొట్టింది కొత్త కుండ. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"కుంకుమ కదండీ. నన్ను ముట్టుకోవద్దన్నారుగా."

గుడ్డలోంచి నీళ్ళు ఆయన చెప్పుల మీద కారాయి. చివరికి ఆయనే వంగి తుడిచారు.