మూడో గోనెలోని మట్టి

మొన్న కాలవ గట్టున కొత్త సత్రం కడుతున్న చోట ఒక తాపీపనివాడు నన్ను పలకరించి, "మీ మావగారు గొప్ప పనివాడేనంటండి. పాపం, చివర్లో కళ్లకు రంగు ఆనక గోడ పాడుచేశారంటగా" అన్నాడు. అలవాటు కొద్దీ తల ఊపాను. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. ఇరవై ఏళ్లుగా ఇలాగే తల ఊపుతున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

మావయ్య అంటే మా అమ్మకు తమ్ముడు, తర్వాత నాకు పిల్లనిచ్చినవాడు. సున్నంలో మట్టిరంగులు కలిపి గోడలకు పూత వేయించాలంటే ఈ కాలవల కింది ఊళ్లన్నీ ఆయన కోసమే కబురు పెట్టేవి. ఎరుపుకు జేగురు. పసుపుకు మాత్రం రాజమహేంద్రవరం పైన మెట్టలో ఒకే ఒక గోతి మట్టి. అది చిటికెడు నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకునేవాడు. ఇసుక ఉంటే పళ్ల కింద పలుకుతుంది, మంచిదైతే వెన్నలా జారిపోతుంది. "మీ అత్త పులుసు కంటే బాగుందిరా" అనేవాడు, లోపలికి వినపడేటట్టు. "అయితే రేపట్నించి అదే కలుపుకు తినండి" అని లోపలినుంచి జవాబు వచ్చేది. ఆఖరి పూతను గులకరాళ్లతో నున్నగా రుద్దాక, సాయంత్రపు ఎండలో ఆ గోడలు లోపలెవరో దీపం పెట్టినట్టు వెలిగేవి. వాటి ముందు నిలబడితే నాకు ఊరూ పేరూ గుర్తుండేవి కావు.

మండపేట దగ్గర ఒక ఆసామి ఇంటికి వీధిగోడ ఒప్పుకున్నాం. నాకప్పుడు పాతికేళ్లు, పెళ్లయి నాలుగు నెలలు. మట్టికి మావయ్య నన్ను పడవ మీద పంపాడు. మూడు గోనెలు నింపుకుని వస్తుంటే కాలవ లాకు తలుపుల దగ్గర పడవ ఆగింది. నేను గట్టు మీదికి దిగి చుట్ట వెలిగించుకుని, లాకులో నీళ్లతోపాటు పడవ మెల్లగా కిందికి దిగుతుంటే చూస్తూ నిలబడిపోయాను. పడవ అంచున నేను పెట్టిన మూడో గోనె లాకుగోడకు తగిలి నీళ్లలో పడింది. కాసేపు కాలవంతా పసుపు కలిపినట్టు మెరిసింది. నిజం చెప్పాలంటే ఎంతో అందంగా ఉంది. మళ్లీ గోతికి వెళితే రెండు రోజులు. ఇంటి దగ్గర కొత్త పెళ్లాం. గట్టు తవ్విన చోట అలాంటి పసుపు మట్టే కనిపించింది. తడిపి చూస్తే తేడా తెలియలేదు. పడవవాడినడిగి ఇంకో గోనె తీసుకుని నింపేశాను.

మావయ్య రెండు గోనెల మట్టి నాలుక మీద వేసుకు చూశాడు. మూడోదాని మూతి విప్పబోతూ, "అన్నీ మన గోతివేనా అల్లుడూ?" అన్నాడు.

"ఒక్క గోతివే మావయ్యా."

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

సున్నపు పూత ఆరితేగాని అసలు రంగు చూపదు. తడిగా ఉన్నన్నాళ్లూ గోడంతా ఒకటే. పదోరోజుకు ఎడమవైపు దోర మామిడిపండులా, కుడివైపు పాతబడ్డ తాటాకులా తేలింది. ఆసామి కేకలేయలేదు. "మేస్త్రిగారికి వయసు మీదపడిందండి" అని నాతో మెల్లగా అన్నాడు. మావయ్య విన్నాడు. ఒక కన్ను మూసి, తర్వాత అది తెరిచి రెండోది మూసి గోడను చూశాడు.

"కలిపేటప్పుడు నాకు రెండూ ఒక్కలాగే కనిపించాయిరా. నీకో?"

నాకూ ఒక్కలాగే కనిపించాయి. కనీసం ఆ మాటైనా అనవలసింది. "కొంచెం తేడాగానే అనిపించింది మావయ్యా, మీరు చూసుకుంటారని ఊరుకున్నాను" అన్నాను.

ఆయన తాపీ కడిగి, పంచె చెంగుతో తుడిచి నా చేతికిచ్చాడు. "రంగు ఆననివాడు రంగు కలపకూడదు. ఇహ నువ్వు చూసుకో." అప్పట్నించి మేస్త్రిని నేను.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికాడు. అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లేరేవాడు, అత్తయ్యకు సూదిలో దారం ఎక్కించి ఇచ్చేవాడు. "మీ కళ్లకేం వచ్చిందండీ, పని తప్పించుకోడానికి కాకపోతే" అని ఆవిడ దెప్పితే, "దగ్గరివి బానే ఆనుతున్నాయే, రంగులే మోసం చేస్తున్నాయి" అనేవాడు. మనసారా నమ్మాడు.

ఆయన కళ్లకు ఏ దోషమూ లేదు. మట్టి తప్పు, అది తెచ్చింది నేను. ఇంతవరకూ రాసింది ఇవాళ నా భార్యకు చదివి వినిపించాను. "నాన్న అడిగినప్పుడు చెప్పాల్సింది" అంది.

అడిగాడు, ఒక్కసారి కాదు. పొద్దువాలి ఆకాశం రంగు మారినప్పుడల్లా నన్ను పిలిచి, "ఇవాళ జేగురా, పసుపా?" అనేవాడు. నేను చెప్పేది ఆయనకు కనిపించేదే. అయినా నా నోట విన్నాకే నమ్మేవాడు. తొమ్మిదేళ్లపాటు రోజుకొక సాయంత్రం వచ్చింది. అవన్నీ నేను నిజం చెప్పడానికి దొరికిన సాయంత్రాలేనని, అవి అయిపోయాకగాని నాకు తెలియలేదు.