ఐదు దోసిళ్ళకు చాలని ఊపిరి

మా బంధువుల్లో నాకు పనిమంతురాలినని పెద్ద పేరు. ఏ పెళ్ళికి పోయినా, ఏ పురుడుకు పోయినా కూర్చున్న ఐదు నిమిషాలకే లేచి వంటింట్లోకి పరుగెత్తుతాను గదా, అందుకు. అసలు సంగతి వేరు. గదిలో పదిమంది ఆడవాళ్ళు భుజాలు రాసుకుంటూ కూర్చున్నారంటే, ఎవరో నా మెడకు తువ్వాల చుట్టి లాగుతున్నట్టుంటుంది. గుండె దడదడ, అరచేతుల్లో చెమట. "పాలు పొంగుతున్నయేమో" అంటూ లేచి, వంటింటి వెనక తలుపులోంచి పెరట్లోకి పోయి నిలబడతాను. ఎన్నడూ పొంగని ఆ పాల పుణ్యమే నా మంచిపేరు.

చాలా ఏళ్ళు ఆ తప్పును పసుపు మీదికి నెట్టాను. మా ఆర్మూర్‌లో తుమ్మినా దగ్గినా పసుపు దుమ్మునే తిడతాం. నేను చేసేదేమో మార్కెట్లో పసుపు కొమ్ములు ఏరే పని. చివరికి దవాఖానకు పోతే, డాక్టరమ్మ ఛాతీ ఫోటో చూసి అడిగింది:

"దుమ్ముల పనిచేసేటప్పుడు దమ్మొస్తదా?"

"లేదు మేడం. ఆడ మంచిగనే ఉంటది."

"మరి ఎప్పుడొస్తది?"

"పేరంటాలల్ల."

ఆమె నవ్వు ఆపుకోవడం నాకు కనిపించింది. "ఊపిరితిత్తులు గట్టిగున్నయమ్మా. ఇది గాబరా. నాలుగు లెక్కవెట్టుకుంట మెల్లగ ఊపిరి ఇడువు" అంది. నేను చదివింది నాలుగో తరగతే కాబట్టి అంతవరకు లెక్క వచ్చు. కాని మూడు అనే లోపలే గుమ్మం దాటేస్తాను.

బిడ్డ పెళ్ళిలో అదే జరిగింది. తలంబ్రాలు పోసేటప్పుడు నేను వంటల టెంటు వెనక ఉన్నాను. ఎందుకు రాలేదని బిడ్డ అడగలేదు. అడిగినా బాగుండేది.

పెళ్ళయిన మూడో ఏడని మొన్న బిడ్డకు ఒడిబియ్యం పోశాం. పుట్టింటికి పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోస్తారు. ముందు తల్లి ఐదు దోసిళ్ళు పోశాకే మిగతావాళ్ళు పోయాలి. ఈసారి కూడా పారిపోతే బిడ్డకు మొహం చూపించలేనని ముందే అనుకున్నాను.

మా ముందుగదిలో మంచం వేస్తే మనిషి పక్కకు తిరిగి నడవాలి. అందులో ఇరవై మంది దూరారు. మొదటి దోసిలి పోశాను. రెండోదీ పోశాను. మూడోది తీసుకునేసరికి మెడకు తువ్వాల బిగిసింది. దోసిలి పక్కకు ఒరిగి, బియ్యమంతా పక్కనున్న వియ్యపురాలి ఒడిలో పడింది.

"ఏం వదినె, నాక్కూడ పోస్తున్నవా?" అంది ఆమె.

"పాలు..." అన్నాను నేను, తలుపు వైపు చూస్తూ.

"పొయ్యి మీద పాలు లేవే అమ్మా," అంది పీట మీది బిడ్డ. "చిన్నప్పటి సంది సూస్తున్న, ఎన్నడన్న పొంగినయా?"

గదంతా గొల్లుమంది. ఇన్నేళ్ళ నా పేరు ఆ ఒక్క మాటతో పోయింది. బిడ్డ మాత్రం నవ్వలేదు. "మా అమ్మకు మందిల ఊపిరాడది. పీట వాకిట్లెయ్యుండ్రి" అంది.

మా ఆడబిడ్డ ఇంతెత్తున లేచింది. "ఒడిల బియ్యం పెట్టుకొని నడుమల లేస్తరానే ఎవరన్న?"

"అమ్మ పొయ్యకుంటే నాకీ బియ్యమెందుకు అత్తమ్మా?"

అంటూనే కొంగు బిగించి పట్టుకుని, నడుం వంచి లేచింది. వెనకాలే ఇరవై మందీ వాకిట్లోకి వచ్చారు. మనుషులు వాళ్ళే, గాలి మాత్రం వేరు. ఊపిరి వదిలాను. నాలుగు దాకా లెక్కపెట్టాను కూడా.

మళ్ళీ దోసిలి పట్టాను. ఒకటి, ఇంకొకటి, మరొకటి. బిడ్డ మొహం చూస్తూ పోస్తుంటే లెక్క తప్పింది.

"ఆరైనయ్! సరి సంఖ్యల ఒడి నింపుతరానే?" అని అరిచింది ఆడబిడ్డ.

అందుకని ఏడోది కూడా పోశాను.