బావ కెమెరా

ఆఫీసులో ఆయన్ని అందరూ లెక్కలాయన అనేవారు. భూమి చుట్టూ తిరిగే ఒక ఉపగ్రహంలో ఎక్స్-రే కిరణాలను లెక్కపెట్టే పరికరం ఉంది. దాని బాగోగులు చూడడమే ఆయన ఉద్యోగం. సూర్యుడి మీద మంట పేలితే ఆ లెక్క ఒక్కసారిగా ఎగబాకుతుంది. పేలిందని తెలుస్తుంది గానీ, అంత పెద్ద బింబంలో ఎక్కడ పేలిందో ఆ పరికరం చెప్పలేదు. ఆ సంగతి పక్కనే బిగించిన అతినీలలోహిత కెమెరా చెప్పాలి. దాన్ని తయారుచేసింది ఆయన బావ, సొంత అక్క మొగుడు.

"నీది చెవిరా, నాది కన్ను," అనేవాడు బావ. "ఇంట్లో గిన్నె పడితే చప్పుడు నీకు వినిపిస్తుంది. ఏ గదిలో పడిందో చూసొచ్చేవాణ్ణి నేను."

బావకి ఆఫీసులో కంటి డాక్టరని పేరు. ఆ మాట నమ్మి వీధి చివరి ముసలాయన ఒకసారి శుక్లాలు చూపించుకోవడానికి వచ్చాడు. బావ ఆయనకి టీ ఇచ్చి, తనే అసలు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఉపగ్రహం ఎగరకముందే కామెర్లు ముదిరి బావ పోయాడు.

కెమెరా పంపిన మొదటి ఫోటో పట్టుకుని లెక్కలాయన అక్క ఇంటికి పరుగెత్తాడు. అక్క దాన్ని కిటికీ వెలుగులో చాలాసేపు చూసింది. "ఇదేనట్రా, మీ బావ తిండీ నిద్రా మానేసి చూడాలనుకున్నది?" అంది. ముందుగది గోడకి అంటించింది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆయన ఒక కొత్త ఫోటో తెచ్చేవాడు. ఆ వారం మంట పేలిన చోట వేలు పెట్టి చూపించేవాడు. అక్క ముఖంలో కాస్త కళ తిరిగొచ్చింది.

రెండో ఏడు ఫోటోలు మసకబారాయి. కెమెరా లోపలి జిగురు నుంచి వెలువడ్డ ఆవిరి చల్లటి సెన్సర్ మీద పొరలా పేరుకుంది. వేడిచేస్తే పొర వదులుతుందన్నారు. చేశారు. కొన్నాళ్ళు తేటపడి, మళ్ళీ మునుపటికన్నా ఎక్కువగా ముసురుకుంది. మరోసారి వేడిచేస్తే ఉన్న చూపు కూడా పోయింది.

"గుడ్డికన్ను మూస్తే ఎంత, తెరిస్తే ఎంతండీ?" అంది డైరెక్టరమ్మ. "బ్యాటరీ కూడా నీరసించింది. కెమెరా ఆపేస్తే మీ పరికరమైనా బతుకుతుంది. మీకు కష్టమైతే ఇంకొకరికి చెప్తాను."

"వద్దు మేడమ్. నేనే ఆపుతాను," అన్నాడాయన. పరాయి చేతుల్లో పెట్టడానికి మనసొప్పలేదు. కెమెరా ఆపే ఆదేశం తనే పంపాడు.

ఆదివారం చెప్పేద్దామనే వెళ్ళాడు. గుమ్మంలోనే అక్క, "ఫోటో ఏదిరా?" అంది. "ప్రింటరు పాడైందక్కా," అన్నాడు. ఆ పై వారం ఒక పాత ఫోటో తీసుకెళ్ళాడు. ఆ తర్వాత అదే అలవాటైంది. ఒక అబద్ధానికి కాపలాగా ఇంకొకటి పుట్టుకొచ్చేది.

ఒక ఆదివారం ఆయన తెచ్చిన ఫోటో అందుకుని అక్క గోడ దగ్గరికి వెళ్ళింది. అక్కడున్న ఒకదాని పక్కన పెట్టింది. మచ్చలు మచ్చలకి, మంట మంటకి సరిపోయాయి.

"ఇది పోయినేడు తెచ్చావురా."

ఆయన ఆ ఫోటో వెనక్కి తీసుకోబోతే అక్క ఇవ్వలేదు.

"పాడైందా?"

"ఆపేశామక్కా."

"ఎవరు ఆపారు?"

"నేనే."

"దేనికి?"

"బ్యాటరీ చాలదు. నా పరికరం నడవాలంటే…"

అక్క ఏడవలేదు, తిట్టలేదు. "ఆయన పోయినప్పుడు ఆసుపత్రిలో కూడా నాకు చివరిదాకా బాగానే ఉందనే చెప్పారు," అంది. "నువ్వూ అంతేనన్నమాట. కొన్నాళ్ళు రాకురా."

ఆయన వెళ్ళడం మానేశాడు. ఫోన్ చేస్తే అక్క కొడుకు తీసి, "అమ్మ పడుకుంది మామయ్యా," అంటాడు, పట్టపగలు కూడా.

మొన్న ఆ ఉపగ్రహం చూసినవాటన్నిటిలోకీ పెద్ద మంట పేలింది. లెక్క తెర అంచు దాటి పోయింది. గదిలో వాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. డైరెక్టరమ్మ ఆయన భుజం తట్టి, "ఎక్కడండీ?" అంది, అలవాటు కొద్దీ. అని నాలిక్కరుచుకుంది.

"తెలియదు మేడమ్," అన్నాడు లెక్కలాయన. రిపోర్టులో అదే రాశాడు.