గెలిచినవాళ్ళ తప్పులు

కన్నమ్మ టీ కొట్టుకూ గోల్ఫ్ ఆటకూ మధ్య ఒక ముళ్ళకంచె ఉంది. అవతల గనుల టౌన్‌షిప్ క్లబ్బు, దాని మైదానం. బైలాడిల్లా కొండల ఎర్రదుమ్ము పడీపడీ అక్కడ తెల్లబంతి కూడా సాయంత్రానికి ఇటుకరంగుకు తిరుగుతుంది. ఇవతల టార్పాలిన్ పందిరి, స్టవ్వు, రెండు బల్లలు. ఆ బల్లల మీద కూర్చునేది జన్మలో గోల్ఫ్ కర్ర పట్టని గోల్ఫ్ పండితులు.

పండితుల్లో పెద్దవాడు ఆమె మొగుడే. విజయనగరం పక్క పల్లె నుంచి పెళ్ళాన్ని వెంటబెట్టుకుని కిరండూల్ రైలు లైనుకు వచ్చిన గవర్రాజు, ఇనుపరాయి మోసే బండ్ల వెనక చివరి డబ్బాలో ఊగుతూ గార్డు ఉద్యోగం చేసి దిగిపోయాడు. ఒంటరి డబ్బాలో కాలక్షేపానికి క్లబ్బువాళ్ళు పారేసిన ఇంగ్లీషు పత్రికలు తిరగేసేవాడు. అక్కడే ఆయనకు బ్రాండన్ కార్వర్ అనే గోల్ఫ్ ఆటగాడు దొరికాడు. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి బజారు వెనక ఇంట్లోకి మారారు. రోజంతా ఇంట్లో ఆయన్ని భరించలేక కన్నమ్మ టీ కొట్టు పెట్టుకుంది. ఆయన వచ్చి కొట్టులోనే కూర్చున్నాడు.

కార్వర్ ఎవరో కన్నమ్మకు తెలియాల్సిన పని లేదు. కానీ వినీ వినీ మేనమామ సంగతుల్లాగా అన్నీ నోటికొచ్చేశాయి. వాడు తాగేవాడు. మొదటి పెళ్ళాన్ని కడుపుతో ఉండగా వదిలేశాడు. స్నేహితుడి భార్యను లేవదీసుకుపోయాడు. కారుతో చెట్టును గుద్ది, నడుం విరగ్గొట్టుకుని, ఇక అయిపోయాడని లోకమంతా అనుకున్నాక మళ్ళీ లేచి వచ్చి పెద్ద ట్రోఫీ గెలిచాడు. ఆ రోజు వదిలేసిన పెళ్ళాం జనంలో నిలబడి చప్పట్లు కొట్టిందట. ఈ చప్పట్ల దగ్గరకు వచ్చేసరికి గవర్రాజు పరాయి దేశపు తాగుబోతు కోసం కళ్ళు తుడుచుకునేవాడు.

“మనిషన్నాక తప్పు సేత్తాడు. తిరిగొచ్చినోడి మొకం మీద తలుపేసినోడు మనిషి కాడు,” అనేవాడు.

అలా అన్న నోటితోనే ఆయన సొంత కూతురికి నీళ్ళొదిలేశాడు. ఉత్త మాట కాదు. కరుణశ్రీ కోయపిల్లాడు హడ్మాను పెళ్ళి చేసుకుందని తెలిసిన నాడు నలుగురిలో తలస్నానం చేసి, కూతురు చచ్చిపోయిందని చెప్పి, ఆ పూట ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వలేదు. హడ్మా తాగడు. పెళ్ళాన్ని వదల్లేదు. దంతెవాడ అవతలి పల్లెలో తల్లి మంగితో కలిసి ఉంటూ, జీపు నడుపుకుంటూ, కరుణశ్రీని కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటున్నాడు. కార్వర్ చేసిన వెధవ పనుల్లో ఒక్కటీ చేయని వాడికి మాత్రం గవర్రాజు దగ్గర మాఫీ లేదు.

ఇప్పుడు కరుణశ్రీకి నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఆ పిల్ల ఫోన్ చేసినప్పుడల్లా వేరే ఏదో మాట్లాడి చివర్లో, “అమ్మా, నాన ఏటన్నారే?” అని అడిగేది. ఏమీ అనలేదని కన్నమ్మ చెప్పేది. అసలు అడగనే లేదని చెప్పడానికి నోరు రాలేదు. అడిగితే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

అడక్కుండా ఒప్పించే దారి ఆమెకు టీ కాస్తూండగానే తోచింది. మొగుడి గుండెలో దయ లేకపోలేదు, బోలెడుంది, రోజూ కళ్ళారా చూస్తున్నదే. దాన్ని కార్వర్ వాకిట్లోంచి కాస్త తన ఇంటివైపు మళ్ళించాలి, అంతే. పాపం, దయ అంటే ఎక్కడైనా ఒకటే అనుకుంది. కన్నమ్మ జీవితంలో ఇంత పెద్ద పొరపాటు ఇంకోటి చేయలేదు.

ఫోన్లో వార్తలు చదివి వినిపించేది సునీల్‌కుమార్. రైల్వేలో కరెంటు పని చేస్తాడు, ఎవడు జారిపడితే చూద్దామా అని చూసే రకం. కన్నమ్మ సంగతి చెప్పి బతిమాలుకుంటే, ఆట బాగుందే అని ఒప్పుకున్నాడు. అనుకున్న రోజున కరుణశ్రీ జీపు దిగి, ఎవరి కంటా పడకుండా కొట్టు వెనక టార్పాలిన్ చాటున స్టూలు మీద కూర్చుంది. కన్నమ్మ కూతురి చేతికి టీ గ్లాసిచ్చి, నాన నోటంట వచ్చేది నీ చెవులతో నువ్వే విను అని చెప్పింది. ఆ పిల్ల ముఖం ఎంత వెలిగిపోయిందో చూసి కన్నమ్మకు కడుపు నిండిపోయింది.

సునీల్‌కుమార్ గొంతు సవరించుకుని లేని వార్త చదివాడు. కార్వర్ కూతురు మైదానంలో గడ్డి కోసే కుర్రాణ్ణి పెళ్ళాడిందట. తండ్రి కోపంతో ఇంట్లోకి రావొద్దన్నాడట. ఇప్పుడా పిల్ల కడుపుతో వచ్చి గేటు ముందు నిలబడిందట. కార్వర్ తలుపు తీయాలా వద్దా అని అభిమానులంతా కొట్టుకుంటున్నారట.

పక్క బల్ల మీదున్న ముసలి గ్యాంగ్‌మన్ ఎర్రన్న, అంత గొప్పోడి పరువు తీసిన పిల్లకు తలుపు తీయక్కర్లేదన్నాడు. గవర్రాజు అతని మీద విరుచుకుపడ్డాడు. ఎంతమంది ఎన్నిసార్లు మన్నిస్తే కార్వర్ కార్వరయ్యాడో మొదటినుంచీ ఏకరువు పెట్టాడు. చివరికి లేచి నిలబడ్డాడు.

“కడుపుతో ఉన్న ఆడపిల్ల గేటు కాడ నిలబడితే ఇంకా ఆలోసనేటి? నేనైతే ఎదురెల్లి తీసుకొత్తాను. గడ్డి కోసినోడైతే ఏటి, మనిషి కాడా?”

కన్నమ్మకు ఇక ఆగబుద్ధి కాలేదు. టార్పాలిన్ పక్కకు లాగింది. కరుణశ్రీ గ్లాసు చేత్తోనే పట్టుకుని బయటికొచ్చి, “నానా,” అంది.

గవర్రాజు కూతుర్ని చూశాడు, ఆ కడుపును చూశాడు. ఒక్క క్షణం ఆయన చెయ్యి ముందుకు రాబోయింది. అది కన్నమ్మ చూసింది, ఒట్టేసి చెప్పగలదు. సరిగ్గా అప్పుడే సునీల్‌కుమార్ కిసుక్కున నవ్వాడు. “తీర్పయిపోనాది గవర్రాజన్నా, మరి ఎదురెల్లు,” అన్నాడు. ఎర్రన్న కూడా నవ్వాడు. రాబోయిన చెయ్యి చొక్కా జేబులోకి పోయింది.

“ఆ కార్వర్ బాబు ఎన్ని ట్రోఫీలు గెలిసినాడు? ఆ బాబు కూతురికి సెల్లుద్ది,” అన్నాడు గవర్రాజు, కూతురి ముఖంలోకి చూడకుండా. “నువ్వేటి గెలిసినావని వొచ్చినావు?”

కరుణశ్రీ గ్లాసు పట్టుకునే నిలబడింది. తండ్రి బల్ల మీద కూర్చుని, అక్కడున్నది కన్నమ్మ ఒక్కతే అన్నట్టు ఆమెకు మాత్రమే చెప్పాడు. “ఎల్లే ముందు ఆ గ్లాసు కడిగెట్టమను.”

కోయలతో కలిసి తినేవాళ్ళు తాగిన గ్లాసు తాము ముట్టకూడదని ఆయన లెక్క. నిండు నెలల మనిషి బకెట్ దగ్గర మెల్లగా వంగి, గ్లాసు తొలిచి, మిగతావాటికి ఎడంగా బోర్లించింది. తర్వాత రోడ్డుకు నడిచింది. కన్నమ్మ జీపు దాకా వెళ్ళి చెయ్యి పట్టుకుంటే, “నాన సెప్పింది ఇన్నాను కదే అమ్మా,” అని చెయ్యి విడిపించుకుంది. కన్నమ్మ తిరిగొచ్చేసరికి ఇంకో టీ అడిగారు. పోసింది. ఎందుకు పోశానా అని తర్వాత తనను తాను ఎంతో తిట్టుకుంది.

ఆ మాట టౌన్‌షిప్పంతా పాకింది. గవర్రాజు కథ మొదలెట్టగానే, ఎన్ని ట్రోఫీలైతే కూతురు ఇంటికి రావొచ్చన్నా అని సునీల్‌కుమార్ అడిగేవాడు, అందరూ నవ్వేవారు. గవర్రాజూ పళ్ళికిలించి నవ్వేవాడు. వాళ్ళ సరదాకు తన బిడ్డ దొరికిందని, దొరకబుచ్చింది తనేనని కన్నమ్మ స్టవ్వు ముందు కుమిలిపోయేది.

ఒక మధ్యాహ్నం మంగి ఫోన్ చేసింది. ఆమెకు తెలుగు రాదు, కన్నమ్మకు వాళ్ళ గోండి భాష రాదు. ఇద్దరికీ వచ్చిన ముక్కల హిందీలో, పిల్లకు నొప్పులు మొదలయ్యాయని, అమ్మా అమ్మా అంటోందని చెప్పింది.

బల్ల మీద గవర్రాజు కథ చెబుతూ అప్పుడే కార్వర్‌ను చెట్టుకు గుద్దించాడు. కన్నమ్మ స్టవ్వు ఆర్పేసింది. పాలు పొంగకుండానే ఆగిపోయాయి. చీర కొంగు దోపుకుని, రోజూ తను టీ తాగే గ్లాసు కడిగి, కూతురి గ్లాసు పక్కన బోర్లించింది.

“ఎక్కడికే?” అన్నాడు గవర్రాజు.

“కరుణ కాడికి. నొప్పులొచ్చినాయంట.”

ఆయన బల్లల వైపు ఒకసారి చూశాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. “ఎల్తే మరి తిరిగి రావొద్దు,” అన్నాడు.

“రాను లెండి,” అంది కన్నమ్మ. “నేనూ ఏటీ గెలవనేదు.”

దంతెవాడ జీపు నిండేదాకా కదల్లేదు. వెనక సీట్లోంచి ఆమెకు కొట్టు కనపడుతూనే ఉంది. టీ ఇక రాదని తేలాక సునీల్‌కుమార్ లేచి రోడ్డుకవతలి కొట్టుకు నడిచాడు, వెనకే ఎర్రన్న. గవర్రాజు కాసేపు ఆరిన స్టవ్వును చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి, ఎర్రదుమ్ము దులుపుకుని, రోడ్డు దాటి వాళ్ళ పక్కన చోటు చూసుకున్నాడు. జీపు మలుపు తిరిగేలోపు ఆయన రెండు చేతులూ కలిపి గాల్లోకి లేని గోల్ఫ్ కర్ర ఎత్తడం కన్నమ్మ చూసింది. కార్వర్ మళ్ళీ లేచి వస్తున్నాడన్నమాట.